బెల్లం ఏడు నెలల లెక్క: బాకీల పుస్తకం వెనక పేజీల నుంచి

బెల్లం మా ల్యాబ్రడార్ కుక్కపిల్ల. కొత్త బెల్లం దిమ్మ రంగుల ఉన్నదని మా బిడ్డ ఆ పేరు పెట్టింది. నల్లగొండల పానగల్లు పోయే తొవ్వల మాది కిరాణా దుకాణం. బాకీల పుస్తకం వెనక నుంచి నాలుగు పేజీలు దానికోసం వదిలిన. ఇప్పుడవి ముప్పై దాటినయి. రోజూ రాసేది ఐదే సంగతులు: బరువు, ఎంత తిన్నది, నీళ్లు తాగిందా, విరేచనం ఎట్లున్నది, చిగుళ్లు ఏ రంగున్నయి. ఒళ్లు వేడిగా అనిపిస్తే జ్వరం కూడా రాస్త. కొత్తగా ల్యాబ్ పిల్లను తెచ్చుకున్నోళ్లకు పనికొస్తదని ఆ పేజీల నుంచి కొన్ని ఇక్కడ పెడుతున్న.

జనవరి 19. బరువు 2.9 కిలోలు.

అమ్మినాయన 55 రోజుల పిల్ల అన్నడు. రెండు టీకాలు అయిపోయినయని ఒక కార్డు చేతుల పెట్టిండు. మరునాడు డాక్టరమ్మ దాని నోరు తెరిచి పళ్లు చూసి, "ఆరు వారాలకు మించి లేదు" అన్నది. కార్డు మీద తేదీలున్నయి, స్టిక్కర్లు లేవు. టీకా వేస్తే సీసా మీది లేబుల్ పీకి కార్డుల అతికించి, పక్కన డాక్టరు సంతకం పెడతరు. అవి రెండూ లేని కార్డును నమ్మొద్దు. పిల్లను ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గరనే ఉంచాలనే మాట కూడా మాకు ఆరోజే తెలిసింది. పైసలు పోయినందుకు కాదు, పాలు మరవని పిల్లను తల్లి నుంచి విడదీసి తెచ్చినమని నాకు ఇప్పటికీ బాధే.

ఒళ్లు సన్నగా, కడుపు మాత్రం కుండోలె. పురుగుల మందు తాపితే తెల్లారి విరేచనంల సేమియా పోగులోలె ఏలికపాములు పడ్డయి. మూడు నెలల వయసు దాకా పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి ఈ మందు తాపాలె. డోసు బరువును బట్టి ఉంటది కాబట్టి కాటా తప్పదు. కాటా మీద తట్ట పెట్టి, సున్నా చేసి, పిల్లను అందుల కూసోబెడుత. కదలకుండా ఉండడానికి నాలుగు అన్నం మెతుకులు తట్టల వేస్త. పొద్దుగాల ఏమీ తినకముందే, రోజూ ఒక్కటే టైముకు తూస్తెనే లెక్క సరిగ్గా వస్తది.

జనవరి 28. బరువు 3.4.

పొద్దుగాల గిన్నె చప్పుడైనా లేవలేదు. ల్యాబ్ పిల్ల బువ్వ వద్దన్నదంటే ఆ పూటనే దవాఖానకు తీసుకపోవాలె. నేను "చూద్దాం తియ్యి" అనుకొని సాయంత్రం దాకా ఆగిన. పది గంటలకు పసుపు నురగ కక్కింది. మధ్యాహ్నం లోపల ఇంకో నాలుగుసార్లు. నాలుగింటికి నెత్తురు కలిసిన విరేచనం. ఆ వాసన ఒక్కసారి పీలిస్తే జన్మల మరిచిపోలేం.

పై పెదవి ఎత్తి చూసిన. చిగురు ఎండిపోయి వేలికి అతుక్కుంటున్నది. చిగురును వేలుతో నొక్కి వదిలితే అక్కడ తెల్లబడుతది, రెండు సెకన్ల లోపల మళ్లీ గులాబీ రంగు వస్తది. ఆరోజు లోలోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కబెట్టిన. మూడు దాటినంక గాని రంగు రాలేదు. మా బిడ్డ పక్కన నిలబడి, "నాయినా, ఎందుకు లెక్కబెడుతున్నవ్?" అని అడిగింది. జవాబు చెప్పకుండనే బండి తీసిన.

డాక్టరమ్మ వెనక నుంచి దూదిపుల్లతో నమూనా తీసి కిట్టుల వేసింది. పది నిమిషాలల్ల రెండు గీతలు పడ్డయి. పార్వో. ఈ వైరస్ పేగుల లోపలి పొరను పాడుచేస్తది, ఎముకల మూలుగను దెబ్బతీసి తెల్లకణాలను తగ్గిస్తది. ఒంట్ల నీళ్లు పోయి, పేగుల నుంచి సూక్ష్మజీవులు నెత్తుట్లకు చేరి పిల్ల చనిపోతది. అందుకే సెలైన్, వాంతులు ఆపే సూది, యాంటీబయాటిక్. పిల్ల ఒళ్లు తనంతట తాను వైరస్‌తో కొట్లాడేదాకా దాన్ని నిలబెట్టుడే ఈ వైద్యం. రోగం అంటినంక లక్షణాలు బయటపడడానికి మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి పద్నాలుగు రోజులు కూడా పడుతది. మా పిల్ల వచ్చి తొమ్మిది రోజులే అయింది కాబట్టి ఎక్కడ అంటుకున్నదో తేల్చి చెప్పలేం.

ఐదు రోజులు పొద్దున, సాయంత్రం సెలైన్. ముందుకాలుకు క్యాన్యులా పెట్టి కట్టు కట్టిన్రు. అది కొరకకుండా మా ఇంటామె పాత సాక్సు కోసి తొడిగింది. జ్వరం వస్తదనుకుంటే మూడో రోజు థర్మామీటరు 98.9 చూపించింది. కుక్కకు 101 నుంచి 102.5 ఉండాలె. పిల్ల చల్లబడుడు జ్వరం కన్నా ఎక్కువ భయపడాల్సిన సంగతి. సీసాల గోరువెచ్చటి నీళ్లు పోసి, తువ్వాల చుట్టి, వీపు పక్కన పెట్టినం. రెండు గంటలకోసారి నీళ్లు మార్చినం. దుకాణానికి వచ్చినోళ్లు మంచి మనసుతోనే మజ్జిగ తాపమన్నరు, పసుపు నీళ్లు పొయ్యమన్నరు. కక్కే పిల్ల నోట్ల ఏది పోసినా ఊపిరితిత్తులకు పోవచ్చని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఏమీ పొయ్యలేదు.

ఫిబ్రవరి 2. బరువు 2.8. తెచ్చిననాటి కన్నా తక్కువ.

కానీ ఆ పొద్దుగాలనే అది తల ఎత్తి, నా వేలు నాకింది. వాంతి లేక అప్పటికి పన్నెండు గంటలైంది. వడగట్టిన అన్నం గంజి ఒక చెంచా పెట్టినం. అరగంట ఆగినం. ఉన్నది. ఇంకో చెంచా. ఆ రోజంతా గంటకు రెండు చెంచాలే. తర్వాత మూడు రోజులు ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన కోడిమాంసం మెత్తగా చిదిమి, అన్నంల కలిపి, రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం. ఆకలిగా ఉన్నదని గిన్నె నింపితే మళ్లీ విరేచనాలు మొదలైతయి. టెస్టు, సెలైన్లు, సూదులు అన్నీ కలిపి తొమ్మిది వేల చిల్లర అయింది. టీకా ఖర్చు దాని ముందు ఏమూలకూ రాదు.

ఇల్లు కడుగుడు ఒక పెద్ద పని. నేను రోజూ అమ్మేది ఫినాయిలే, ఇన్నేండ్లూ దాన్నే నమ్మిన. పార్వో వైరస్ ఫినాయిల్‌కు చావదు. నేల మీద నెలల తరబడి బతికే ఉంటది. ముందు సబ్బునీళ్లతో మురికంతా కడగాలె, ఎందుకంటే మురికి మీద బ్లీచింగ్ పనిచెయ్యదు. తర్వాత బట్టలకు వాడే బ్లీచ్ ఒక వంతు, నీళ్లు ముప్పై వంతులు కలిపి, నేల పది నిమిషాలు తడిగా ఉండేటట్టు పోసి, ఆరినంక మళ్లీ నీళ్లు కొట్టాలె. పిల్ల పండుకున్న గోనె సంచులు కాలబెట్టినం. గిన్నెలు, నా చెప్పులు, బండి ఫుట్‌రెస్టు కూడా బ్లీచ్‌తో కడిగిన.

ఫిబ్రవరి 20న 4.5 కిలోలు, మొదటి టీకా. మార్చి 13న రెండోది. మార్చి 20న రేబిస్. ఏప్రిల్ 3న, పదహారు వారాలు దాటినంక, చివరిది. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్ల ఉన్నన్నాళ్లు టీకా సరిగ్గా పనిచెయ్యదట. అది ఏ పిల్లకు ఎప్పుడు పోతదో తెల్వదు కాబట్టి పదహారు వారాల దాకా వరుసగా వేస్తరు. ఒక్కటి వేసి చాలనుకోవద్దు. ఈసారి స్టిక్కర్లు నేనే అడిగి అతికించుకున్న.

మే 9. బరువు 12.9. మే 2న 13.2.

వారం మొత్తం పెరగలేదు, పైగా మూడు వందల గ్రాములు తగ్గింది. నల్లగొండ ఎండలు తెలిసినయే. ఎండకు తింటలేదనుకున్న, పెరుగన్నం పెట్టిన. పుస్తకం తిరగేస్తే చిగుళ్ల రంగు దగ్గర నాలుగు రోజుల నుంచి "కొంచెం పాలిపోయినయి" అని నా చేతిరాతే ఉన్నది. జ్వరం చూస్తే 104.2. ఈసారి సాయంత్రం దాకా ఆగలేదు.

నెత్తురు పరీక్షల ప్లేట్‌లెట్లు 48 వేలు. కుక్కకు దగ్గర దగ్గర రెండు లక్షలన్నా ఉండాలె. ఎర్లికియా, అందరూ టిక్ ఫీవర్ అనేది. గోమార్ల నుంచి వస్తది. కుక్కను పట్టే గోధుమరంగు గోమారి ఇండ్లల్లనే బతుకుతది. గోడ పగుళ్లల్ల, తలుపు చట్రాల సందుల్ల వేల గుడ్లు పెడుతది. కుక్క ఒంటి మీద కనబడేవి కొన్నే, మిగిలినయన్నీ ఇంట్లనే ఉంటయి. మా గోదాము వెనక గోడకు టార్చి కొట్టి చూస్తే, పగులు పొడుగునా ఆముదం గింజలోలె వరుసగా ఉబ్బిన గోమార్లు. ఆ గోడకే ఆనుకొని పిల్ల పండుకునేది.

డాక్సీసైక్లిన్ 28 రోజులు. మూడు రోజులకే జ్వరం దిగి గెంతులు మొదలుపెడుతది, అప్పుడు మందు ఆపితే మళ్లీ తిరగబెడుతది. బువ్వ తిన్నంకనే వెయ్యాలె, వెనకనే నీళ్లు తాగించాలె. ఉత్త కడుపున వేస్తే కక్కుతది, గొంతుల ఇరుక్కుంటే పుండు పడుతది. పాలు, పెరుగు ఆ పూటకు పెట్టలేదు. గోమార్లకు పన్నెండు వారాలు పనిచేసే మాత్ర మే 10న బరువు చూసి ఇచ్చిన్రు. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్పించినం. డాక్టరమ్మ రాసిచ్చిన మందు పిచికారి చేసినం, ఆరేదాకా పిల్లను లోపలికి రానియ్యలేదు.

గోమారిని తీసేటప్పుడు కిరోసిన్ పొయ్యొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. చర్మానికి ఆనించి చిమ్టాతో తల దగ్గర పట్టి, తిప్పకుండా నేరుగా గుంజాలె. చేతులతో చిదమొద్దు. చెవుల లోపల, వేళ్ల సందులు, మెడపట్టీ కింద, తోక మొదట్ల రోజూ చూడాలె.

పది రోజులకు ప్లేట్‌లెట్లు 1 లక్షా 60 వేలు. జూన్ 6న కోర్సు పూర్తయిననాడు 2 లక్షలా 70 వేలు.

జూన్ 22. బరువు 17.8.

ముందు కుడికాలు కుంటుతున్నది. ఎదిగే పిల్ల కదా అని ఒకాయన క్యాల్షియం సీసా తెచ్చి ఇచ్చిండు. డాక్టరమ్మ వద్దన్నది. పెద్ద జాతి పిల్లల దాణాల క్యాల్షియం కావల్సినంత ఉంటది, పైనుంచి పోస్తే ఎముకలు వంకర పెరుగుతయి. ఎముక మాట ఎత్తితే నాకు మా నాయిన యాదికొస్తడు. మాది మర్రిగూడ దిక్కు. బోరు నీళ్ల ఫ్లోరైడ్‌తోనే ఆయన నడుము వంగిపోయింది. బెల్లానికి మొదటి రోజు నుంచి మిషన్ భగీరథ నల్లా నీళ్లే పోస్తున్న, బోరు నీళ్లు గిన్నెల పడనియ్య.

ఎక్స్‌రేల కీళ్లు బాగనే ఉన్నయి. కుంటుడు మా నాపరాళ్ల నేల మీద జారి పడ్డందుకే. అది తిరిగే దారి పొడుగునా గోనె సంచులు పరిచినం, మెట్లు ఎక్కనిస్తలేం. పది రోజులల్ల తగ్గింది. ల్యాబ్‌లకు తుంటి, మోచేయి కీళ్ల రోగాలు జాతితోనే వస్తయి కాబట్టి బరువు పెరగనియ్యొద్దు. ఇక్కడ నా కష్టమంతా గిరాకీతోనే. వచ్చినోళ్లందరూ ఒక బిస్కెట్ వేస్తరు, అది కండ్లల్ల కండ్లు పెట్టి చూస్తది. "పాపం, ఆకలిగొన్నది సేటూ" అంటరు. 2016ల కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించిన్రు, ల్యాబ్‌లల్ల దగ్గర దగ్గర నాలుగింట ఒకదానికి ఒక జన్యువుల కొంత ముక్క లేకుండా పుడుతదని, వాటికి తిండి మీద యావ ఎక్కువ ఉంటదని. ఇది తెలిసినంక నాకు దాని మీద కోపం రాలేదు, జాలేసింది. బిస్కెట్ బదులు గల్లాపెట్టె పక్కన కీరదోస ముక్కల డబ్బా పెట్టిన. వెయ్యాలనుకున్నోళ్లు అవి వేస్తరు.

కిస్మిస్ సంచి పై అరకు ఎక్కించిన. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల మూత్రపిండాలను చెడగొడతయి. ఉల్లిగడ్డ, చాక్లెట్ కూడా దానికి అందకుండ పెట్టిన. మనం వేసుకునే జ్వరం, నొప్పి మాత్రలు ఒక్కటి కూడా వెయ్యొద్దు.

నడక పొద్దుగాల ఐదున్నరకు, ఉదయసముద్రం కట్ట దాకా. ఎనిమిది దాటితే రోడ్డు మీద అరచేయి వెనక భాగం పెట్టి చూస్త. ఏడు సెకన్లు ఓర్చుకోలేకపోతే దాని పాదాలకు కూడా ఆ రోడ్డు పనికిరాదు.

జులై 27. బరువు 21.4. గిన్నె ఖాళీ. నీళ్లు బాగ తాగింది. విరేచనం గట్టిగ. చిగుళ్లు గులాబీ, రెండు సెకన్ల లోపలనే రంగొచ్చింది. ఎడమ చెవి వెనక గోమారి ఒకటి, తీసి సబ్బునీళ్లల్ల వేసిన. తర్వాతి మాత్ర ఆగస్టు 2.