తెల్ల దుప్పటి మీద చిమ్మటలు

న్యూజెర్సీలో జూలై చివరి వారం వచ్చిందంటే పార్కుల్లో చిమ్మటలను, అంటే రాత్రిపూట ఎగిరే మాత్‌లను, దీపం పెట్టి చూసే రాత్రులు మొదలవుతాయి. నేషనల్ మాత్ వీక్ పేరిట నేడు అనేక దేశాల్లో జరుగుతున్న ఈ కార్యక్రమం 2012లో ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో పుట్టింది. మన తెలుగువారు దండిగా ఉండే ఎడిసన్‌కు ఆ ఊరు ఎంతో దూరం కాదు. ఈసారి మా అమ్మాయితో పాటు, తెలంగాణలోని చెన్నూరు నుంచి వచ్చిన అత్తయ్యగారిని కూడా మాకు దగ్గరలో ఉన్న పార్కుకు తీసుకువెళ్లాను.

రెండు చెట్ల మధ్య తాడు కట్టి, తెల్ల దుప్పటి వేలాడదీసి, దాని ముందు మెర్క్యురీ దీపం పెట్టారు. పురుగులు దీపం చుట్టూ ఎందుకు తిరుగుతాయన్నది పిల్లల మొదటి ప్రశ్న. దీపాన్ని చంద్రుడనుకొని వస్తాయన్నది చాలాకాలంగా వినిపించే జవాబు. అయితే 2024లో ప్రచురితమైన ఒక పరిశోధన వేరే మాట చెబుతోంది. ఎగిరే పురుగు వెలుతురు ఉన్న వైపుకు తన వీపును తిప్పుతుంది. రాత్రివేళ నేల కంటే ఆకాశమే వెలుతురుగా ఉంటుంది గనుక, ఆ అలవాటు వల్ల అది తలకిందులు కాకుండా ఎగరగలుగుతుంది. పక్కన దీపం ఉంటే మాత్రం అటు ఒరిగి, దారి తప్పి, అక్కడక్కడే చుట్లు కొడుతుంది.

కొన్ని రకాలు దీపం కంటే తీపికి బాగా వస్తాయి. వాటి కోసం బాగా మగ్గిన అరటిపండ్లు, బ్రౌన్ షుగర్, బీరు కలిపి పులియబెట్టి చెట్ల మొదళ్లకు బ్రష్‌తో పూశారు. పిల్లలకు దుప్పటి కంటే ఈ వాసనే ఎక్కువ నచ్చిందని నా అనుమానం.

ఆ రాత్రికి నాకు మిగిలినది మాత్రం దుప్పటి అంచున వాలిన ఒక రోజీ మేపుల్ చిమ్మట. బొటనవేలి గోరుకు కాస్త పెద్దదైన ఒళ్లంతా పసుపు పచ్చని నూగు, రెక్కల మీద లేత గులాబి పట్టీలు, కాళ్లు కూడా గులాబి రంగే. అత్తయ్యగారు కళ్లద్దాలు సవరించుకొని వంగి చూసి, “దసలి పురుగుకు సుత ఇట్లనే దువ్వెన లెక్క మీసాలుంటయి బిడ్డా,” అన్నారు. ఆ పోలిక ఊరికే కుదిరినది కాదు. చెన్నూరు, మహదేవపూర్ వైపు మద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టు పురుగు, ఈ మేపుల్ చిమ్మట ఒకే కుటుంబానికి చెందినవి. రెక్కలు వచ్చాక రెండింటికీ తిండి లేదు. గొంగళిగా ఉన్నప్పుడు తిన్న ఆకుల బలంతోనే జతకట్టి, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో చనిపోతాయి. మా అమ్మాయి అడిగిన ప్రశ్నలకు అక్కడి వాలంటీరు కంటే నానమ్మే ఎక్కువ జవాబులు చెప్పారు.

నాకున్న అసంతృప్తి వేళ గురించి. ఇక్కడ జూలైలో ఎనిమిదిన్నరకు గాని చీకటి పడదు. పదింటికల్లా దుప్పటి మడిచేస్తే, లేతాకుపచ్చ తోకల లూనా వంటి పెద్ద చిమ్మటలను పిల్లలు చూడడం కష్టం, ఎందుకంటే అవి తరచుగా బాగా పొద్దుపోయాకే వస్తాయి. సెలవుల్లో ఒక్క రాత్రి మేలుకుంటే పిల్లలకు వచ్చే నష్టమేమీ లేదు. అందుకే మరుసటి శనివారం మా పెరట్లోనే దుప్పటి కట్టి, అర్ధరాత్రి దాకా కూర్చున్నాము. లూనా రాలేదు గాని, పెంకు పురుగులు మాత్రం విరగబడి వచ్చాయి.