కింది పంచమం కోసం పాలకొల్లు దాకా

మా బ్యాండు మేళంలో నాది యూఫోనియం, ట్యూబాకి తమ్ముడి లాంటి ఇత్తడి బూర. ట్రంపెట్లు నాలుగు, క్లారినెట్లు మూడు పైన మోగుతుంటే అడుగున పట్టు చాలడం లేదని బాబాయ్ ఎప్పట్నుంచో అంటున్నాడు. మాఘమాసం ముహూర్తాలకి ముందే ఒక ట్యూబా, అంటే బాగా కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి బూర, కొనాలనుకున్నాం. పాలకొల్లులో మేళాల వాళ్ళంతా కలుస్తున్నారని, అమ్మకానికి వాయిద్యాలు కూడా వస్తున్నాయని కబురొచ్చింది. రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా పొద్దున్నే బయల్దేరాం.

కల్యాణ మండపంలో అడుగుపెట్టగానే నాకు టెన్షన్ మొదలైంది. పాతిక ముప్పై మంది ఒకేసారి ఊదుతున్నారు. ఎవరి స్వరం ఎవరిదో తెలియడం లేదు. పైగా నా మౌత్‌పీస్, అంటే పెదాలు ఆనించి ఊదే ముక్క, పనికిరాలేదు, యూఫోనియంది ట్యూబాలో పెడితే లోపలికి జారిపోతుంది. అక్కడున్న వాటిలో ఒకటి ఎంచుకుని, చూసిన మూడింటికీ అదే వాడాను. మౌత్‌పీస్ మారుతూ ఉంటే తేడా దేనిదో చెప్పలేం కదా.

మొదటిది తళతళలాడే మూడు పిస్టన్లది. పిస్టన్ అంటే వేలితో నొక్కే మీట, నొక్కితే గాలి వెళ్ళే గొట్టం పొడవు పెరిగి స్వరం కిందికి దిగుతుంది. ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. బీ ఫ్లాట్ శ్రుతి ట్యూబా గొట్టం సాగదీస్తే 18 అడుగులు, నా యూఫోనియంకి రెట్టింపు. పక్కనున్న ఒక పెద్దాయన నా అవస్థ చూసి, "పెదాలు బిగించకు అబ్బాయ్. ఆవులించినట్టు గొంతు తెరువు. గాలిని నెట్టకు, పోస్తున్నట్టు వదులు" అన్నారు. మూడోసారికి షడ్జమం పలికింది. ఆ అదురు నా పొట్టలో తెలిసింది. ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాను.

పిస్టన్ నొక్కకుండా దాని స్లయిడ్, అంటే దానికి తగిలించిన జారుడు గొట్టం, బయటికి లాగితే 'టప్' మనాలి. అంటే గాలి ఎక్కడా పోవడం లేదని. ఆ తళతళలాడేదానికి మూడో స్లయిడ్ చప్పుడు లేకుండా జారి వచ్చేసింది. పక్కన పెట్టేశాను. రెండోది బాగానే ఉంది కానీ, భుజాన వేసుకుని ఊరేగింపులో రెండు గంటలు నడవడం నా వల్ల కాదు.

మూడోది పాతది, మీరట్‌లో తయారైంది. మన దేశంలో బ్యాండు వాయిద్యాలకి పెట్టింది పేరు ఆ ఊళ్ళోని జలీ కోఠీ పేటే. గంట మీద, అంటే స్వరం బయటికొచ్చే వెడల్పాటి మూతి మీద, రెండు సొట్టలు, అంచున పచ్చటి చిలుము. గంట మీద సొట్టలు పెద్ద నష్టం కాదు, మౌత్‌పీస్ దగ్గర సన్నటి గొట్టంలో ఉంటేనే స్వరం చెడుతుంది. అక్కడ వేలు పెట్టి అంతా తడిమాను, నున్నగా ఉంది. దీనికి నాలుగు పిస్టన్లు. నేను కోరుకున్నది అదే. మూడు పిస్టన్లవాటిలో షడ్జమం నుంచి కింది పంచమానికి దిగాలంటే ఒకటి, మూడు కలిపి నొక్కాలి. ఆ రెండు గొట్టాల పొడవు కలిపినా కొంచెం తక్కువే పడుతుంది, అందుకే స్వరం పైకి జరుగుతుంది. నాలుగో పిస్టన్‌కి ఆ పొడవు విడిగా ఉంటుంది. పెళ్ళి పాటల్లో అడుగున మేం పట్టేది ఎక్కువగా ఆ స-పలే.

లోపల రొదలో నిర్ణయించుకోలేక అడిగి కాలవ గట్టు మీదకి తీసుకెళ్ళాం. ట్యూబా పట్టుకున్నవాడికి దాని అసలు నాదం తెలియదు, దూరంగా ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. బాబాయ్ యాభై అడుగులు అవతలికి వెళ్ళి వీపు తిప్పుకుని నిలబడ్డాడు. ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని కింది పంచమం మెల్లగా, ఊపిరి ఉన్నంతసేపూ పట్టాను. గట్టిగా ఊదితే ఏదైనా మోగుతుంది. మెల్లగా ఊదినప్పుడు వణక్కుండా నిలవాలి.

బాబాయ్ వెనక్కి తిరిగి, "ఇదేరా. నేలలోంచి వస్తోంది" అన్నాడు. బేరం పది నిమిషాల్లో తెగింది.

ఇంటికి తేగానే అమ్మ చిలుము చూసి చింతపండు నానబెట్టబోయింది. ఇత్తడి బిందెలు అలాగే తోముతుంది మరి. మిగతా చోట్ల పైన పూత ఉందమ్మా, పులుపు తగలకూడదని చెప్పాను. కాసేపు దాన్నే చూసి, లోపలికెళ్ళి తన పాత నూలు చీర కొంగు చింపి తెచ్చి ఇచ్చింది.