మూడు లైన్లు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు

మంగళవారం. విజయవాడ గవర్నర్‌పేటలో రెండంతస్తుల ఆడిటర్ ఆఫీసు, అందులో ఇంటర్‌కామ్ బిగించే పని. కింద రిసెప్షన్, అకౌంట్స్ గది, వెనక గేటు దగ్గర వాచ్‌మన్ గది. పైన ఆడిటర్ గారి క్యాబిన్, ఇద్దరు సీనియర్ల గదులు, ఆర్టికల్స్ (సీఏ ట్రైనీలు) కూర్చునే హాలు, రికార్డు రూము. మొత్తం ఎనిమిది ఫోన్లు. బయటి లైన్లు మూడు: రెండు ఓఎన్‌టీ (ఫైబర్ లైను వచ్చి కలిసే డబ్బా) ఫోన్ పోర్టుల నుంచి, మూడోది సిమ్ వేసుకునే ఎఫ్‌సీటీ డబ్బా నుంచి. ఇలాంటి ఆఫీసుకి 308 ఇంటర్‌కామ్ బాక్సు సరిగ్గా సరిపోతుంది. మూడు లైన్లు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లు) అని పేరులోనే ఉంది.

అందరి జేబుల్లో సెల్ ఉండగా ఇంటర్‌కామ్ ఎందుకని అడిగేవాళ్ళకి ఆడిటర్ ఆఫీసే జవాబు. రిటర్నుల గడువు ముంచుకొచ్చే రోజుల్లో క్లయింటు ఒక్క నంబరుకే చేస్తాడు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు ఎత్తి, ఆ ఫైలు చూసేవాళ్ళ టేబులుకి కలుపుతారు. ఆర్టికల్‌షిప్ అయిపోయి కుర్రాడు వెళ్ళిపోయినా నంబరు ఆఫీసులోనే ఉంటుంది.

ఉదయం మొదటి పని కొలతలు. పైన ఐదు ఫోన్లకి ఐదు వైర్లు విడివిడిగా కింద నుంచి లాగకూడదు. మెట్ల పక్క డక్టులో 10 పెయిర్ల (జంట వైర్ల) కేబుల్ ఒక్కటి, 14 మీటర్లు, పైన వైర్లు విడిపోయే చిన్న డీపీ బాక్సు దాకా. ఐదు పెయిర్లు వాడకం, ఐదు స్పేర్. అక్కణ్ణుంచి టేబుళ్ళకి 2 పెయిర్ల వైరు: 6, 7, 9, 11, 13 మీటర్లు. కింద రిసెప్షన్‌కి 4, అకౌంట్స్‌కి 9. ఇవన్నీ కలిపి 59. ఒక్కో పరుగుకి, అంటే ఒక్కో వైరు దారికి, రెండు చివర్లా మీటరు చొప్పున వదులు పెట్టినా 73. చుట్ట 90 మీటర్లది కాబట్టి ఒకటి చాలు. వదులు దగ్గర పిసినారితనం పనికిరాదు. రేపు టేబులు అటు జరిపారంటే ఆ మీటరే కాపాడుతుంది, లేకపోతే ఫాల్స్ సీలింగ్‌లో అతుకు పడుతుంది.

వైరు కొనేటప్పుడు కాస్త కఠినంగా ఉండాలి. కండక్టరు 0.5 మిల్లీమీటర్లది, అసలు రాగిది కావాలి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవగ్గా దొరుకుతుంది, చూపులకి తేడా తెలియదు. బ్లేడుతో కొస గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే విరిగిపోతుంది. క్రోన్‌లో (వైర్లని గాడిలో నొక్కి కలిపే పట్టీలో) కొట్టిన కొన్నాళ్ళకి పట్టు వదులుతుంది, అప్పటినుంచి గరగర మొదలు. మల్టీమీటరుతోనూ పట్టుకోవచ్చు. 0.5 రాగి పెయిరు చివర షార్ట్ చేసి ఈ చివర చూస్తే కిలోమీటరుకి సుమారు 175 ఓమ్‌ల లెక్కన రావాలి. అంటే 90 మీటర్ల చుట్టకి 16కి కాస్త తక్కువ. 25 దాటిందంటే అది రాగి కాదు, చుట్ట తిరిగి ఇచ్చేయాలి.

వాచ్‌మన్ గది పరుగు వేరే సంగతి. 32 మీటర్లు, సగం దూరం ఆరుబయట గోడ మీద. అక్కడ మామూలు పీవీసీ వైరు వేస్తే రెండు వేసవుల్లో పై తొడుగు పెళుసెక్కుతుంది, వానాకాలంలో తడి దిగుతుంది. తడి దిగిన పెయిరులో ఒక కాలు, అంటే జంటలో ఒక వైరు, ఎర్త్‌కి లీకవుతుంది, ఫోన్ ఎత్తగానే కరెంటు హమ్ వినిపిస్తుంది. జెల్లీ నింపిన 5 పెయిర్ల ఆర్మర్డ్ (లోహపు కవచమున్న) కేబుల్ వేశాం. కొస విప్పాక జెల్లీని పొడి గుడ్డతో తుడిచి తీరాలి. అలాగే క్రోన్‌లో కొడితే దాని మీద దుమ్ము పేరుకుంటుంది. ఆర్మర్‌ని ఎండీఎఫ్ (వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె) వైపు మాత్రమే ఎర్త్ చేశాం.

పిడుగు దెబ్బ కూడా ఈ పరుగు మీదుగానే వస్తుంది. బయటి లైన్లు ఫైబర్ అయ్యాక వీధి స్తంభం నుంచి రాగి తీగ లోపలికి రావడం లేదు, ఆ భయం చాలావరకు తగ్గింది. కానీ ఆరుబయట నడిచే ఎక్స్‌టెన్షన్ ఒక్కటున్నా వైశాఖంలో గాలివానలకి బాక్సులోని ఆ పోర్టు, దాంతోపాటు పక్క పోర్టులు పోతాయి. అందుకే గేటు పెయిరుకి ఎండీఎఫ్ దగ్గర 230 వోల్టుల జీడీ ట్యూబు (పిడుగు వోల్టేజిని ఎర్త్‌కి మళ్ళించేది) పెట్టాం. ట్యూబు పెట్టి ఎర్త్ సరిగా ఇవ్వకపోతే పెట్టనట్టే లెక్క. 2.5 స్క్వేర్ పచ్చ వైరు నేరుగా ఎర్త్ బార్ దాకా వెళ్ళాలి. దగ్గర్లో ప్లగ్గు ఉంది కదా అని న్యూట్రల్‌కి కలిపేవాళ్ళున్నారు, అది ప్రమాదం. కలిపే ముందు న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఏసీ వోల్టేజి చూశాం, ఒక వోల్టు లోపే ఉంది. ఐదు, పది చూపించిందంటే ముందు ఎలక్ట్రీషియన్ పని, తరవాతే మన పని.

ఎండీఎఫ్ రిసెప్షన్ వెనక గోడకి, నడుం ఎత్తున బిగించాం. కిందకి పెడితే తుడుపు నీళ్ళు, మరీ పైకి పెడితే ఏసీ నీళ్ళు. లోపల 10 పెయిర్ల క్రోన్ మాడ్యూళ్ళు రెండు. మొదటిదాని మీద బాక్సు నుంచి వచ్చే ఎనిమిది ఎక్స్‌టెన్షన్ పెయిర్లు, రెండోదాని మీద టేబుళ్ళకి పోయే పెయిర్లు, మధ్యలో జంపర్లు, అంటే రెంటినీ కలిపే పొట్టి వైర్లు. బాక్సు నుంచి నేరుగా టేబుళ్ళకి వైర్లు పోతే సగం సామాను మిగులుతుంది, నిజమే. కానీ ఆరు నెలలకి సీట్లు మారినప్పుడు జంపర్ మారిస్తే ఐదు నిమిషాల్లో నంబరు మనిషి వెంట వెళుతుంది. ఇంకో లాభం, ఫాల్టు ఎటువైపుందో అక్కడే తేలిపోతుంది. మాడ్యూలు మధ్యలో డిస్‌కనెక్షన్ ప్లగ్గు గుచ్చి, బాక్సు వైపు టెస్ట్ ఫోన్ పెడితే టోన్ ఉందో లేదో తెలిసిపోతుంది. ఉంటే తప్పు వైరులో, లేకపోతే బాక్సులో.

రంగుల వరస తప్పకూడదు. తెలుపుతో నీలం, నారింజ, పచ్చ, గోధుమ, బూడిద: ఇవి మొదటి ఐదు. ఎరుపుతో అదే వరస: ఇవి తరవాతి ఐదు. కేబుల్ తొడుగు విప్పగానే పెయిర్ల మెలిక విప్పేయకూడదు. తెలుపు వైర్లన్నీ ఒకేలా ఉంటాయి, ఏది నీలంతో వచ్చిందో ఏది నారింజతో వచ్చిందో తెలియకుండా పోతుంది. ఒక పెయిరులో ఒక కాలు, పక్క పెయిరులో ఒక కాలు కలిపి కొట్టినా టోన్ వస్తుంది, రింగ్ వస్తుంది, మాటా వినిపిస్తుంది. కాకపోతే పక్క ఫోన్ మాటలు కూడా సన్నగా వినిపిస్తాయి. ఆడిటర్ ఆఫీసులో ఒక క్లయింటు లెక్కలు ఇంకొక క్లయింటు చెవిన పడటం ఎంత పెద్ద తప్పో చెప్పనక్కర్లేదు. అందుకే మెలికని క్రోన్ అంచు దాకా ఉంచి, ఆఖరి అంగుళమే విప్పుతాం.

క్రోన్ కొట్టడం చూడటానికి తేలిక. వైరు తొడుగు ఒలవకుండానే గాడిలో పరిచి, కోసే బ్లేడు బయటి వైపుకి ఉండేలా టూలు పట్టుకుని, నిటారుగా నొక్కాలి. టక్కున శబ్దం వచ్చి మిగిలిన తోక తెగి పడాలి. లోపలి కాంటాక్టు ఏటవాలుగా ఉండి, తొడుగుని కోసుకుంటూ రాగిని రెండు వైపులా పట్టేస్తుంది. టూలు వంగితే ఒక వైపే పడుతుంది. స్క్రూడ్రైవరుతో నొక్కితే దవడలు తెరుచుకుపోయి ఆ గాడి ఇంకెప్పటికీ గట్టిగా పట్టదు. ఒక గాడిలో రెండు వైర్లు కొట్టడమూ అంతే, పైది పట్టుకుంటుంది, కిందది కొన్ని రోజులకి జారుతుంది.

పైన హాల్లో కేసింగ్‌కి కాస్త సమయం పట్టింది. ఫోన్ వైరు పవర్ వైరుతో ఒకే కేసింగ్‌లో పోకూడదు, పక్కపక్కన పోవాల్సి వస్తే అడుగు దూరం ఉండాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. సీలింగ్ పైన ఎలకల జాడ కనిపించింది, అక్కడి పరుగులన్నీ పైపులో పోనిచ్చాం. టేబులు దగ్గర రోసెట్ బాక్సు, అందులో ఆర్‌జే 11 సాకెట్ మధ్య రెండు పిన్నులకి పెయిరు. అంతే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లైన్లు. బాక్సుకి కలపకముందే ప్రతి లైనునీ మీటరుతో, మామూలు ఫోనుతో చూడాలి. ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు 48 వోల్టుల డీసీకి దగ్గరగా, ఎత్తినప్పుడు పది లోపుకి దిగాలి. కొన్ని ఓఎన్‌టీలు పెట్టేసి ఉన్నప్పుడు 48 కంటే తక్కువే ఇస్తాయి, పని చేస్తాయి. లైనుని పొరపాటున ఎక్స్‌టెన్షన్ పోర్టుకి గుచ్చితే రింగ్ వచ్చిన క్షణాన 75 వోల్టుల ఏసీ ఆ పోర్టులోకి పోతుంది. అందుకే బయటి లైన్ల కోసం ఎరుపు జంపర్ వేరుగా పెట్టుకుంటాం. ఎఫ్‌సీటీ యాంటెన్నాని బాక్సు నుంచి రెండు మీటర్ల దూరానికి లాగాం, దగ్గరుంటే కాల్ వచ్చే ముందు అన్ని ఫోన్లలో టిక్‌టిక్‌మంటుంది.

ప్రోగ్రామింగ్‌లో మొదటి నిర్ణయం నంబర్లు. ఈ బాక్సు ఫ్యాక్టరీ నుంచి 101 నుంచి 108 దాకా నంబర్లతో వస్తుంది. మన రాష్ట్రాల్లో అలా వదిలేయడం సరికాదు. 101 ఫైరు. 108 అంటే 2005లో హైదరాబాద్‌లో సేవ మొదలైనప్పటినుంచి చిన్నపిల్లలకి కూడా అంబులెన్స్. ఎవరికో గుండె నొప్పి వచ్చి, పక్కవాడు కంగారులో 108 నొక్కితే ఎవరూ లేని రికార్డు రూములో ఫోన్ మోగుతూ ఉంటుంది. నంబర్లు 201 నుంచి 208కి మార్చాం. బాక్సులో ఎమర్జెన్సీ జాబితా ఉంది, అందులో 112, 108, 101 వేశాం. బయటికి లాక్ చేసిన ఫోన్ నుంచి కూడా ఇవి పోతాయి. అయినా బయటి లైను కోసం ముందు 9 నొక్కాలి కాబట్టి ప్రతి ఫోను మీద 9-108 అని స్టిక్కరు. ఎవరు ఎంత తొందర పెట్టినా ఈ పని వాయిదా వేయకూడదు.

తరవాత లాకులు. ఒకప్పుడు జీరో లాక్ (సున్నాతో మొదలయ్యే నంబర్లు ఆపడం) అంటే ఎస్‌టీడీ లాక్. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి మొబైల్‌కి చేయాలన్నా ముందు సున్నా కొట్టాలి కాబట్టి పాత అలవాటు ప్రకారం జీరో లాక్ వేస్తే మొబైల్ కాల్స్ కూడా ఆగిపోతాయి. పాత ఆఫీసుల్లో "సెల్లులకి పోవట్లేదు" అన్న ఫిర్యాదుకి చాలాసార్లు కారణం ఇదే. 08 మాత్రమే ఆపుదామంటే అదీ కుదరదు, 0866, 0863, 0891 ఎస్‌టీడీ కోడులే, ఎనిమిదితో మొదలయ్యే మొబైల్ నంబర్లకీ ముందు 08 వస్తుంది. ప్లాన్లు అపరిమితం అయ్యాక ఎస్‌టీడీ ఆపి మిగిల్చేది ఏమీ లేదు. ఆపాల్సింది 00, అంటే విదేశీ కాల్స్. ఆడిటర్ గారి 204 తప్ప అన్నిటికీ 00 ఆపేశాం. ప్రోగ్రామింగ్ పాస్‌వర్డు 1234 మార్చాం. బయటి నుంచి కాల్ చేసి మళ్ళీ బయటి లైను పట్టుకునే సౌకర్యం పూర్తిగా తీసేశాం. అది తెరిచి వదిలేస్తే రాత్రిపూట ఎవరో దొంగదారిన విదేశాలకి మాట్లాడతారు, బిల్లు ఆఫీసుకి వస్తుంది.

ఫైబర్ లైన్లతో వచ్చే అసలు తలనొప్పి లైను పట్టేసుకోవడం. అవతలివాడు పెట్టేసినా బాక్సుకి తెలియదు, లైను బిజీగా కూర్చుంటుంది. బాక్సు బిజీ టోను విని వదలాలి. మన దేశపు బిజీ టోను 400 హెర్ట్జ్, 0.75 సెకను మోత, 0.75 సెకను నిశ్శబ్దం. ఓఎన్‌టీ తనలో తాను తయారుచేసే టోను దానికి సరిపోకపోతే బాక్సు దాన్ని గుర్తుపట్టదు. ఇక్కడ రెండో లైనులో అదే జరిగింది. ఓఎన్‌టీలో ప్రాంతం సెట్టింగు వేరే దేశానిది ఉంది, ప్రొవైడర్‌కి చెప్పి మార్పించాక సరిగ్గా వదులుతోంది. ఇంకోటి, 9 నొక్కిన వెంటనే బాక్సు అంకెలు పంపితే ఓఎన్‌టీ టోను ఇచ్చేలోపు మొదటి అంకె పోతుంది. విరామం ఒకటిన్నర సెకనుకి పెంచాం. ఆఖరి అంకె తరవాత కూడా ఓఎన్‌టీ నాలుగైదు సెకన్లు ఆగి కాల్ పంపుతుంది.

"అన్నా, నంబరు కొట్టాక ఏమీ వినపడట్లేదు, పెట్టేయనా?" అంది రిసెప్షన్ అమ్మాయి.

"వద్దమ్మా, మనసులో నాలుగు దాకా లెక్కపెట్టు, అప్పటికి రింగ్ వస్తుంది. తొందరైతే చివర హ్యాష్ నొక్కు."

కాల్ ట్రాన్స్‌ఫర్ నేర్పేటప్పుడు ఒక ఫోన్‌లో ఫ్లాష్ (కాల్‌ని ఇంకో ఫోన్‌కి కలిపే ముందు నొక్కే మీట) నొక్కినా బాక్సు పట్టించుకోలేదు. ఫ్లాష్ 100 మిల్లీసెకన్లకి ఉంది, 600కి మారిస్తే సరిపోయింది. పాత ఫోన్లలో అడుగున టోన్-పల్స్ స్విచ్చి కూడా చూడాలి, పల్స్‌లో ఉంటే ఆటో అటెండెంటు (కాల్‌కి తానే పలికి అంకె నొక్కమనే ఏర్పాటు) దగ్గర అంకెలు పనిచేయవు.

సాయంత్రం కరెంటు తీసి చూశాం. కరెంటు పోతే మొదటి లైను నేరుగా మొదటి ఎక్స్‌టెన్షన్‌కి కలిసిపోయే ఏర్పాటు ఈ బాక్సులో ఉంది. రాగి లైను రోజుల్లో ఎక్స్‌చేంజి బ్యాటరీ మీద ఆ ఫోన్ బతికేది. ఇప్పుడు ఓఎన్‌టీకే కరెంటు లేకపోతే లైను ఎక్కడిది? బాక్సుకి ఆఫీసు యూపీఎస్ నుంచి పాయింటు ఉంది. ఓఎన్‌టీ మాత్రం మెట్ల కింద మామూలు ప్లగ్గులో ఉంది, దాని అడాప్టరు 12 వోల్టులది. రౌటర్లకి వాడే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఒకటి రాసిచ్చాం, రేపు తెప్పిస్తామన్నారు. వచ్చాక మళ్ళీ మెయిన్ తీసి, 201 నుంచి 9-0 కొట్టి మొబైల్‌కి చేసి, పది నిమిషాలు లైను నిలుస్తుందో లేదో చూడాలి. ఎండీఎఫ్ తలుపు లోపల పెయిరు, నంబరు, గది, రంగు రాసిన కాగితం అతికించాం, అందులో మెట్ల కేబుల్ స్పేర్ పెయిర్లు 6 నుంచి 10 దాకా ఖాళీ గడులు ఉన్నాయి.