సీసీఎన్‌ఏ: వేలెడంత మాడ్యూల్ నేర్పిన పాఠం

గత నెల రెండో ప్రయత్నంలో సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ పరీక్ష, సీసీఎన్‌ఏ 200-301 పాసయ్యాను. ఏ ప్రశ్నలు వచ్చాయని మాత్రం అడగకండి. బయటపెట్టబోమని ఒప్పుకున్నాకే పరీక్ష మొదలవుతుంది.

మొదటిసారి నన్ను ముంచింది సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టే ఐపీ అడ్రసుల లెక్కలు) కాదు, 20 శాతం వెయిటేజీ ఉన్న నెట్‌వర్క్ ఫండమెంటల్స్. అందులో కేబుళ్ల పాఠాన్ని తెలిసిందేలే అని దాటేశాను. గుంటూరులో ఒక ఇంటర్నెట్ సంస్థలో పగలంతా ఫైబర్ లైన్లతోనే నా పని మరి!

ఆ ధీమా అరండల్‌పేటలో దిగింది. ఒక అపార్ట్‌మెంట్ స్విచ్‌కు బ్రాడీపేట నుంచి ఒకే పోగు ఫైబర్ లాగి, రెండు వైపులా కొత్త ఎస్‌ఎఫ్‌పీలు (స్విచ్ పోర్టులో దూర్చే, సిగ్నల్‌ను కాంతిగా మార్చి ఫైబర్‌లోకి పంపే వేలెడంత మాడ్యూళ్లు) పెట్టాం. లైటు వెలగలేదు. ప్యాచ్ కార్డు రెండుసార్లు మార్చాను, కొసలు తుడిచాను, స్విచ్ ఆపి మళ్లీ వేశాను. వాచ్‌మన్ తెచ్చిన టీ చల్లారిపోయింది. చివరికి మాడ్యూల్ బయటకు లాగి లేబుల్ చూస్తే టీఎక్స్ (పంపే కాంతి తరంగదైర్ఘ్యం) 1310, ఆర్‌ఎక్స్ (అందుకునేది) 1490 నానోమీటర్లు. అవతలి కుర్రాడిని ఫోనులో చదవమంటే, అక్షరం పొల్లుపోకుండా అదే చదివాడు. ఇద్దరూ 1310లో పంపుతూ 1490 కోసం ఎదురుచూస్తుంటే లింకు ఎలా వస్తుంది? ఒకే పోగు మీద రెండు దిశల్లోనూ నడిచే బైడీ మాడ్యూళ్లు ఎప్పుడూ ఎదురుబొదురు జంటగానే ఉండాలి.

రెండో విడతలో ఆ పాఠాన్ని అంకెలతో సహా చదివాను. 10 గిగాబిట్ మాడ్యూళ్లలో తక్కువ దూరపు రకం ఎస్‌ఆర్ 850 నానోమీటర్లలో నడుస్తుంది, ఓఎం3 రకం మల్టీమోడ్ ఫైబర్ మీద 300 మీటర్లు వెళ్తుంది. ఎక్కువ దూరపు ఎల్‌ఆర్ 1310 నానోమీటర్లు, సింగిల్ మోడ్ ఫైబర్ మీద 10 కిలోమీటర్లు. ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ (10 గిగాబిట్ రకం) మాడ్యూల్‌ను ఒక గిగాబిట్ పోర్టులో దూరిస్తే పట్టినట్టే ఉంటుంది కానీ పనిచేయదు. దూరానికి మించిన శక్తి ఉన్నదీ ప్రమాదమే: 80 కిలోమీటర్ల మాడ్యూల్‌ను పక్క గదికి కలిపితే అవతలి రిసీవర్ దెబ్బతినవచ్చు, మధ్యలో కాంతి బలం తగ్గించే అటెన్యుయేటర్ పెట్టాలి.

సిలబస్‌లో లేకపోయినా ఉద్యోగంలో తప్పనిది ఇంకొకటి. మాడ్యూల్ లోపలి మెమరీలో తయారీదారు పేరు, కోడ్ ఉంటాయి. సిస్కో స్విచ్ వాటిని చదివి, నచ్చకపోతే పోర్టును ఎర్‌ డిసేబుల్ చేస్తుంది, అంటే తనంతట తానే ఆపేస్తుంది. 'సర్వీస్ అన్‌సపోర్టెడ్ ట్రాన్సీవర్' కమాండ్‌తో చాలాసార్లు లేస్తుంది, హెచ్చరిక మాత్రం వదలదు. కొనేముందే స్విచ్ మోడల్ చెప్పి, దానికి తగ్గ కోడింగ్ వేయించుకోవడం నయం.

సాధన కోసం వాడే సిస్కో సిమ్యులేటర్ ప్యాకెట్ ట్రేసర్‌లో ఈ గొడవలేవీ కనిపించవు. నిజమైన స్విచ్ దొరికితే 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రాన్సీవర్' కొట్టి, ఆర్‌ఎక్స్ పవర్ (అందుతున్న కాంతి బలం) ఎంతుందో చూడండి. మైనస్ 3 డీబీఎం అంటే సుమారు అర మిల్లీవాట్.