మా డొంక రోడ్డుకు సిమెంటా, గ్రావెలా?

నిన్న రాత్రి తొలకరి పడింది. పొద్దున్నే బండి మీద చేలోకి వెళ్లి, చక్రానికి బురద అంటకుండా తిరిగొచ్చాను. ఆ సంబరంలోనే రాస్తున్నాను.

మాది పల్నాడు, నల్లరేగడి నేల. వాన పడితే చేలకు వెళ్లే మా డొంకలో ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడేది. అర్జీ, గ్రామసభ తీర్మానం వారంలో అయిపోయాయి. సిమెంట్ రోడ్డే కావాలని ఊరంతా ఒకటే మాట. నాదీ అదే.

మండలాఫీసులో ఇంజనీరు అడిగిన మొదటి ప్రశ్న: "రోజుకు ఎన్ని బండ్లు తిరుగుతాయి?"

"చాలానే తిరుగుతాయి సార్."

"చాలా అంటే ఎంతయ్యా? హైవేనా మీ డొంక?"

గది నిండా ఉన్న జనం నవ్వారు. నన్ను వెంటబెట్టుకెళ్లిన మా సర్పంచమ్మ భర్త కూడా నవ్వాడు! డిగ్రీ చదివినవాణ్ణి, చెవులు వేడెక్కిపోయాయి.

పంతం పట్టి 3 రోజులు వేపచెట్టు కింద నోటుపుస్తకంతో కూర్చుని గీతలు గీశాను. పట్టుకెళ్తే కాగితం చూడకుండానే, "ఏ నెల్లో లెక్కపెట్టావ్?" అన్నాడు. ఆగస్టు. "మిరప టిక్కీలు, అదే బస్తాలు, తోలేటప్పుడు ఎన్నో అదీ రాసుకురా." అంటే ఫిబ్రవరి దాకా ఆగాలి! ఆ ముక్క మొదటిరోజే చెప్తే ఆయన సొమ్మేం పోయింది? మళ్లీ కూర్చున్నాను. ఆగస్టులో రోజుకు 9 ట్రాక్టర్లు, ఫిబ్రవరిలో 41. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత మట్టి పట్టుకెళ్లారు. 4 రోజులు నీళ్లలో నానబెట్టి ఎంత బరువు మోస్తుందో చూస్తారు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా సిమెంట్ పోస్తే పగులుతుంది, పగిలినదాన్ని బాగుచేయడం మన చేత కాదు. గ్రావెల్‌కు గుంట పడితే ఒక ట్రక్కు ఎర్రమట్టితో సర్దుకోవచ్చు. పైగా వచ్చిన డబ్బుకు సిమెంట్ అయితే డొంకలో పావు వంతే. ఆ రోజే నా మనసు మారింది.

కాంట్రాక్టరు మట్టి పోసి బ్లేడుతో సదును చేసి పోతానంటే ఒప్పుకోకండి. నీళ్లు చల్లి రోలర్ తొక్కించాలి. నడుమ తాబేలు వీపులా ఎత్తుండాలి. మీటరుకు 4 సెంటీమీటర్ల వాలు నేనే దారం కట్టి చూశాను. సిమెంట్‌కైతే అందులో సగం చాలు. ఊళ్లో నన్ను దారం ఇంజనీరంటున్నారు, అననివ్వండి.

ఒక్కచోటే తేడా కొట్టింది. మా బాబాయ్ సైడు కాల్వ పూడ్చి చేలో కలుపుకున్నాడు. నిన్నటి వానకు అక్కడ నీళ్లు రోడ్డెక్కి జానెడు గాడి పడింది. కాల్వ తీయించు బాబాయ్ అంటే, "సిమెంట్ వేయించుంటే ఈ గోల ఉండేదంట్రా?" అంటున్నాడు.