మూడు నెలల కాగితం

నేను పనిచేసేది ఐక్యరాజ్య సమితి ఆఫీసులో. ఈరోజు పని పెద్దగా సాగలేదు. మధ్యాహ్నం టీ టైముకి మా టీమ్‌లో ఒకమ్మాయికి కాంట్రాక్టు రెన్యువల్ మెయిల్ వచ్చింది, ఈసారి మూడు నెలలకే. కిందటిసారి ఆరు నెలలు ఇచ్చారు. తనేమో ఇల్లు మారే హడావుడిలో ఉంది, కొత్త ఓనర్ పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకుందాం, ఉద్యోగం కాగితం చూపించమన్నాడట. "ఈ మూడు నెలల కాగితం ఏమని చూపించను దీదీ" అంటూ నా పక్క కుర్చీలో కూర్చుంది. ఇద్దరం కలిసి మొత్తం చదివాం. రెండో పేజీలో, ఈ ఒప్పందం చేసుకున్న వ్యక్తిని సంస్థ సిబ్బందిగా లెక్కించరు అని స్పష్టంగా ఉంది. అదే బల్ల, అదే పని, పక్క సీట్లో స్టాఫ్ చేసేదీ అదే.

మా ఊళ్లో వాళ్లకి ఐక్యరాజ్య సమితి ఉద్యోగమంటే సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం కన్నా గట్టిదని నమ్మకం. నిజానికి సమితి సెక్రటేరియట్‌లో 2009 జులై నుంచి మూడే రకాల నియామకాలు: ఏడాది లోపుండే టెంపరరీ, ఏడాది నుంచి ఒక్కో విడతకి ఐదేళ్ల దాకా ఇచ్చే ఫిక్స్‌డ్ టర్మ్, గడువు తేదీ లేని కంటిన్యూయింగ్. ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లు ఎన్నేళ్లు చేసినా పొడిగింపు ఆశించే హక్కు లేదని రూల్సులోనే రాసుంది. అయినా వాళ్లు స్టాఫ్ కిందే లెక్క. కన్సల్టెంట్లు, ఇండివిడ్యువల్ కాంట్రాక్టర్లు, రకరకాల సర్వీసు ఒప్పందాల వాళ్లు ఈ మూడింటిలో దేనికిందికీ రారు. వాళ్లకి సమితి పెన్షన్ ఫండ్ లేదు. అన్యాయం జరిగితే స్టాఫ్‌లాగా డిస్ప్యూట్ ట్రిబ్యునల్‌కి, అంటే సమితి సొంత కోర్టుకి వెళ్లలేరు, మధ్యవర్తి తీర్పు (ఆర్బిట్రేషన్) ఒక్కటే గతి. మన లేబర్ కోర్టుకి వెళ్దామంటే 1947 నాటి చట్టం ప్రకారం సంస్థకి ఇక్కడ ఇమ్యూనిటీ, అంటే కేసుల నుంచి రక్షణ ఉంది. ఏళ్ల తరబడి జరిగే రెగ్యులర్ పనులు కూడా ఇలాంటి ఒప్పందాల మీదే నడుస్తున్నాయని సమితి సొంత తనిఖీ విభాగమే 2014లో రిపోర్టు ఇచ్చింది.

నాకు బాధ కలిగించేది జీతం, సెలవుల సంగతి ఒక్కటే కాదు. సమితికి రాజ్యాంగం లాంటిదైన చార్టర్‌లో ఆర్టికల్ 100 సిబ్బంది ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు తీసుకోకూడదంటుంది. తటస్థ దేశాలు ఉంటాయేమో గానీ తటస్థ మనుషులు ఉండరని సోవియట్ నేత క్రుశ్చేవ్ అంటే, 1961లో ఆక్స్‌ఫర్డ్ ప్రసంగంలో అప్పటి సమితి సెక్రటరీ జనరల్ హామర్‌షెల్డ్ ఆ మాటనే తీసుకుని, ఉద్యోగి తన పనిలో నిష్పక్షపాతంగా ఉండగలడని జవాబు చెప్పాడు. సోవియట్ వాళ్లు తమ మనుషుల్ని సమితి ఉద్యోగాలకి కొన్నేళ్ల గడువుతో పంపి మళ్లీ వెనక్కి పిలిపించుకునేవారు. కాంట్రాక్టు ఎంత కాలమన్నది అప్పట్నుంచీ మనిషి స్వతంత్రానికి సంబంధించిన విషయమే.

మొన్నటి మీటింగే చూడండి. స్కూళ్లలో మరుగుదొడ్లు కట్టారు గానీ నీళ్లు లేవని రిపోర్టు డ్రాఫ్టులో ఒక పేరా ఉంది, అధికారులకి నచ్చదు, కొంచెం మెత్తగా రాద్దామన్నారు. ఆ పేరా ఉండాల్సిందే అని నోరు విప్పింది కంటిన్యూయింగ్ మీద ఉన్న ఒక సీనియర్ మేడమ్ ఒక్కరే. ఊళ్లు తిరిగి, కుళాయిలు తిప్పి చూసి ఆ పేరా రాసిన పిల్లలు తలలు వంచుకుని లాప్‌టాపుల్లోకి చూస్తున్నారు. వాళ్లనేమంటాం? రెన్యువల్ సంతకం పెట్టేది అదే గదిలో కూర్చున్నాయన.

చార్టర్‌లోని ఆర్టికల్ 101 కూడా ఆ మూడు నెలల కాగితం అమ్మాయి లాంటి వాళ్ల కోసమే రాశారనిపిస్తుంది. నియామకంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది సామర్థ్యం, యోగ్యత, నిజాయితీ; వీలైనన్ని దేశాల వాళ్లని తీసుకోవడానికి తగిన ప్రాధాన్యం ఇవ్వాలి. ఈ క్రమం నాకు చాలా ఇష్టం. ఏ దేశం నుంచి ఎందరుండాలనే వాటా లెక్కలో మాత్రం సభ్యత్వానికీ, కట్టే చందాకీ ఎక్కువ బరువు, జనాభాకి చాలా తక్కువ పెట్టుకున్నారు, అందుకే ఇంత జనం ఉన్నా మన దేశానికి దానివల్ల కలిసొచ్చేది తక్కువ.

సాయంత్రం ఖమ్మం నుంచి పిన్ని కొడుకు ఫోన్. "అక్కా, నేనూ అప్లై చేస్తా, ఏది పడితే అది పెట్టేయనా?" అన్నాడు. ఒరేయ్, నోటిఫికేషన్‌లో ముందు కాంట్రాక్టు రకం ఏంటో చూడు, తర్వాత గ్రేడు చూడు, జీతం ఆఖర్న చూడొచ్చు అని చెప్పాను. జి గ్రేడులు, అంటే జనరల్ సర్వీస్ సహాయక ఉద్యోగాలు, స్థానికంగా తీసుకునేవి, జీతం ఆ ఊళ్లో బాగా ఇచ్చే సంస్థల్ని బట్టి ఉంటుంది. పి గ్రేడులకి, అంటే ప్రొఫెషనల్ ఉద్యోగాలకి, అమెరికా ఫెడరల్ ఉద్యోగుల జీతాలు కొలమానం. కన్సల్టెంటుగా చేరినా తప్పేం లేదు, అనుభవం వస్తుంది, కానీ ఏం వస్తుందో ఏం రాదో తెలుసుకునే సంతకం పెట్టమన్నాను.

అప్పుడు నెమ్మదిగా బయటపెట్టాడు, వాట్సాప్‌లో ఎవరో జెనీవాలో పోస్టు ఖాయమని, ప్రాసెసింగ్ ఫీజు పంపమని అడుగుతున్నారట. అప్లికేషన్, ఇంటర్వ్యూ, ట్రైనింగ్, ఏ దశలోనూ సమితి ఒక్క రూపాయి అడగదురా అని చెప్పి, ఫోన్ పెట్టకుండానే ఆ నంబర్ బ్లాక్ చేయించాను. ఇంకా డబ్బు పంపలేదట. రెజ్యూమె మాత్రం ఆదివారం కూర్చుని సరిచేద్దామన్నాను.