సైకిల్ బాటమ్ బ్రాకెట్ నేనే మార్చుకున్నాను

మొదట అది పెడల్ చప్పుడే అనుకున్నాను. కుడికాలు కిందికి దిగిన ప్రతిసారీ 'టక్' మని ఒకటే శబ్దం. ఎత్తు ఎక్కుతుంటే ఇంకా ఎక్కువ, తొక్కడం ఆపేస్తే అసలు లేదు. పెడల్ విప్పి గ్రీజు పెట్టి బిగించాను, పోలేదు. సీటు గొట్టం బయటికి తీసి తుడిచి పెట్టాను, అయినా పోలేదు. చివరికి చైన్‌ని పళ్లచక్రం మీంచి తప్పించి, ఒక చేత్తో క్రాంక్ (పెడల్‌ని మధ్య ఇరుసుకి కలిపే చెయ్యి) తిప్పుతూ రెండో చేతి వేళ్లు ఫ్రేముకి ఆనించాను. లోపల ఇసుక నలుగుతున్నట్టు వేళ్లకి స్పష్టంగా తెలిసింది.

తర్వాత క్రాంక్‌ని పట్టుకుని ఫ్రేము వైపుకీ బయటికీ ఊపి చూశాను. ఎడమదాన్ని ఊపితే కుడిదీ ఊగింది. ఒక్కటే ఊగితే ఆ క్రాంక్ బోల్టు వదులైందని అర్థం. రెండూ కలిసి ఊగితే మధ్యలో ఇరుసుని మోసే బేరింగ్‌లే అరిగిపోయాయని. ఆ ఇరుసు, బేరింగ్‌ల కూర్పునే బాటమ్ బ్రాకెట్ అంటారు. నాది రెండోదే.

నా సైకిల్‌ది నలుచదరపు ఇరుసు, సీల్ చేసిన కార్ట్రిడ్జ్ రకం, అంటే ఇరుసూ బేరింగ్‌లూ విడదీయలేని ఒకే ముక్కగా వస్తాయి. బేరింగ్ బాల్స్ విడిగా ఉండే పాత కప్పు-కోను రకమైతే పావు అంగుళం బాల్స్ కొత్తవి వేసి, గ్రీజు పెట్టి సర్దుకోవచ్చు. ఇది మొత్తం తీసేసి కొత్తది పెట్టాల్సిందే. పానాలు కాక రెండు పనిముట్లు తప్పనిసరి. ఒకటి క్రాంక్‌ని ఇరుసు మీంచి లాగే పుల్లర్, రెండోది కార్ట్రిడ్జ్ గాడుల్లో కూర్చునే 20 పళ్ల సాకెట్. వీటి బదులు సుత్తి, ఉలి పెట్టి కొట్టొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఫ్రేములో మర పాడైతే దాన్ని బాగుచేయించుకోవడం చాలా కష్టం.

క్రాంక్ బోల్టు తీశాక లోపల వాషర్ ఉండిపోయిందేమో చూసుకోవాలి. అది ఉండగా పుల్లర్ తిప్పితే పుల్లర్ ఇరుసుని తొయ్యదు, క్రాంక్ మరనే పీకేస్తుంది. నా వాషర్ మట్టి పట్టి గుంటలో కలిసిపోయింది, టార్చ్ వేస్తే గానీ కనిపించలేదు. దాన్ని సూదితో గీకి తీశాను. పుల్లర్‌ని చేత్తోనే చివరిదాకా ఎక్కించి, ఆ తర్వాతే పానా పెట్టాను. బిగువు పెరిగి పెరిగి ఒక్కసారిగా 'కిర్ర్' మంది, క్రాంక్ జారి చేతిలోకి వచ్చేసింది.

అసలు టెన్షన్ అక్కణ్ణుంచి మొదలైంది. ఎడమవైపు కప్పు (కార్ట్రిడ్జ్‌ని ఫ్రేములో పట్టి ఉంచే మర బిళ్ల) మామూలు మరే, గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితే వదులైంది. కుడివైపుది రివర్స్ త్రెడ్, ముల్లు తిరిగే వైపే తిప్పి ఊడదియ్యాలి. అలా ఎందుకు పెట్టారంటే, బరువు మీద ఇరుసు తిరుగుతున్నప్పుడు బేరింగ్‌లు బయటి కప్పుని ఎదురు దిశలో కొద్దికొద్దిగా జరుపుతాయి. కుడివైపు మామూలు మర ఉంటే తొక్కేకొద్దీ ఊడిపోతుంది. పెడల్స్‌లో రివర్స్ త్రెడ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి ఈ రెండూ కలిపేసుకోవడం చాలా తేలిక. ఇటాలియన్ కొలత ఫ్రేములకైతే రెండువైపులా మామూలు మరే, అందుకని ముందు మనది ఏ రకమో తెలుసుకోవాలి. ఇదంతా తెలిసి కూడా నా చేతులు అలవాటుకొద్దీ రెండుసార్లు బిగించే వైపే తిప్పాయి. అప్పుడు సుద్దముక్కతో ఫ్రేము మీద బాణం గుర్తు గీసుకున్నాను.

సరైన దిశలో తిప్పినా కప్పు కదల్లేదు. ముందు బిగించినవాళ్లు మరకి గ్రీజు పెట్టలేదు, తుప్పు పట్టి అతుక్కుపోయింది. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున సాకెట్ జారకుండా పెద్ద వాషర్ వేసి క్రాంక్ బోల్టుతో ఇరుసుకి పట్టించాను. పానాకి పొడవాటి పైపు తొడిగి, మెల్లగా బరువు వేశాను. చిన్న పటుక్కు, అంతే, కప్పు వెంట్రుకవాసి కదిలింది. ఆ కదలిక అరచేతిలో తెలిసిన క్షణం నాకింకా గుర్తుంది.

కార్ట్రిడ్జ్ బయటికి రాగానే దాని వెనకే రెండు మూడు చెంచాల ఎర్రటి తుప్పునీళ్లు కారాయి. సీటు గొట్టంలోంచి దిగిన వాననీళ్లు అక్కడే నిలిచి ఉన్నాయి. ఇరుసుని వేళ్లతో తిప్పితే గరగరమని ఆగి ఆగి తిరిగింది. దాన్ని తుడిచి కొలిచాను. ఫ్రేము షెల్ (కార్ట్రిడ్జ్ కూర్చునే అడ్డ గొట్టం) వెడల్పు 68 మిల్లీమీటర్లు, ఇరుసు పొడవు 122.5. ఇరుసు పొడవు మారితే చైన్ వరస తప్పుతుంది, పళ్లచక్రం ఫ్రేముకి రాసుకునే ప్రమాదమూ ఉంది. అందుకే అచ్చం అదే కొలత తెచ్చుకున్నాను.

షెల్ లోపల కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్ పెట్టి తోమి, ఆరాక మరలన్నిటికీ దట్టంగా గ్రీజు పట్టించాను. కొత్తదాన్ని ముందు ఊడే వైపు కొంచెం తిప్పితే మర మొదలు దగ్గర చిన్నగా 'టిక్' మని కూర్చుంటుంది. అక్కణ్ణుంచి బిగించే వైపు వేళ్లతోనే ఎక్కించాలి. నాలుగైదు చుట్లు తేలిగ్గా వెళ్లకపోతే మర అడ్డంగా పట్టినట్టే, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. కుడివైపు అంచు ఫ్రేముకి ఆనేదాకా వెళ్లాక ఎడమ కప్పు పెట్టాను. బిగువు 50 నుంచి 70 న్యూటన్ మీటర్లు ఉండాలి. బిగువు ఎంతో చూపించే టార్క్ పానా లేనివాళ్లకి ఒక లెక్క: 30 సెంటీమీటర్ల పానా చివర సుమారు 20 కిలోల బరువు వేస్తే 60 దగ్గరికి వస్తుంది. క్రాంక్ బోల్టులకి 40 చాలు.

కొత్తదాన్ని చేత్తో తిప్పి చూస్తే క్రాంక్ ఒక చుట్టు కూడా తిరక్కుండా ఆగిపోయింది. ఒక్క క్షణం భయం వేసింది. కానీ అది బిగువు ఎక్కువై కాదు, లోపలి రబ్బరు సీలు, ఇంకా సర్దుకోని గ్రీజు వల్ల. గరగర లేకుండా మెత్తగా, ఒకే తీరుగా బరువు తెలుస్తుంటే కంగారు పడక్కర్లేదు. నాకు వంద కిలోమీటర్లు దాటేసరికి ఆ బరువు చాలావరకు పోయింది.

అసలు జాగ్రత్త క్రాంక్ బోల్టుల దగ్గర. నలుచదరపు ఇరుసు వాలుగా ఉంటుంది కాబట్టి మొదటి తొక్కుళ్లకి క్రాంక్ ఇంకొంచెం లోపలికి కూర్చుంటుంది, బోల్టు వదులవుతుంది. పట్టించుకోకుండా తొక్కితే క్రాంక్ మెత్తటి అల్యూమినియం కాబట్టి చదరపు బెజ్జం గుండ్రంగా అరిగిపోతుంది, ఇక ఆ క్రాంక్ పనికిరాదు. మొదటి రోజు తొక్కి వచ్చాక ఎడమ బోల్టు దాదాపు పావు చుట్టు బిగిసింది, కుడిది అందులో సగం. వారం తర్వాత రెండూ కొద్దిగానే కదిలాయి. అక్కడితో ఆపేశాను. ప్రతి వారం బిగిస్తూ పోతే క్రాంక్ మరీ లోపలికి ఎక్కి చీలే ప్రమాదం ఉంది.

మధ్యలో ఒకసారి మళ్లీ 'టక్' వినిపించి గుండె జారింది. తీరా చూస్తే పళ్లచక్రం బోల్టు ఒకటి వదులుగా ఉంది, బిగిస్తే పోయింది.

రెండోసారి బిగించినప్పుడే బోల్టు తల మీంచి క్రాంక్ మీదికి తెల్ల పెయింటుతో సన్నటి గీత పెట్టాను. మూడు వందల కిలోమీటర్లు అయ్యాక నిన్న తుడిచి చూశాను. రెండువైపులా గీత ఒకే వరసలో ఉంది.